మహాబలిపురం కొండ చుట్టూ ఒక పొద్దుటి నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళలో మహాబలిపురం వెళ్ళనివాళ్ళు అరుదు. అక్కడి కొండను నడిచి చూసినవాళ్ళూ అంతే అరుదు. ఊరి నుంచి చుట్టాలు రాగానే వ్యాను మాట్లాడుకుంటాం, మూడు చోట్ల దిగి ఫోటోలు తీసుకుంటాం, చీకటి పడకముందే వేళచ్చేరికి వచ్చి పడతాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను. ఒకసారి మా అమ్మను తీసుకువెళితే వ్యాను డ్రైవరు కొండ మొత్తానికి నలభై నిమిషాలు గడువు ఇచ్చాడు. రాయల గోపురం నీడలో కూర్చున్న అమ్మ, సముద్రం వైపు చూస్తూ, "ఇంకాసేపు ఉందాం" అంది. ఉండలేకపోయాం. ఆ బాధతోనే మళ్ళీ నెల తిరగకముందే తెల్లవారుజామున బస్సెక్కి, అమ్మతో కలిసి కొండంతా తీరిగ్గా చుట్టి వచ్చాను. అప్పటి నుంచి ఎంతోమంది బంధువులకు, ఆఫీసు స్నేహితులకు ఆ దారి చూపించాను. వాళ్ళు అడిగినవే ఈ ప్రశ్నలు.

మేం రెండుసార్లు వెళ్ళాం. అక్కడ కొండ ఎక్కడుంది?

మీరు దాని ముందే నిలబడి ఫోటో తీసుకున్నారు. అర్జున తపస్సు అని చూపించే ఆ పెద్ద శిల్పం కొండకు తూర్పు ముఖం. దాని వెనుక ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిన రాతి గుట్టల వరుసే మహాబలిపురం కొండ. తూర్పున ఊరు, ఆ తరువాత సముద్రం. పడమట బకింగ్‌హామ్ కాలువ, పొలాలు, తాటిచెట్లు. శిఖరం అంటూ ఒకటి లేదు. ఏనుగుల మంద పడుకుని ఉన్నట్టు బండలు ఒకదాని పక్కన ఒకటి లేచి, దిగి, మళ్ళీ లేస్తాయి. తిరుమల నడకదారి ఎక్కినవాళ్ళకు ఇది కొండగానే అనిపించదు. కానీ ఒక్క బండ ఎక్కి నిలబడితే చాలు, సముద్రం మొత్తం కళ్ళ ముందుకు వస్తుంది. కొద్ది ఎత్తుకే ఇంత చూపు దొరికే చోటు చెన్నై చుట్టుపక్కల నేను మరొకటి చూడలేదు.

నడక ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది?

బయలుదేరిన చోటికే తిరిగి వచ్చే చుట్టు దారి ఇది. సుమారు రెండు కిలోమీటర్లు. పక్కనున్న గుహలన్నిటికీ తొంగిచూస్తే మూడు దాకా అవుతుంది. ఆగకుండా నడిస్తే ముప్పావుగంట. అలా నడవకండి. మూడు గంటలు పెట్టుకోండి. పిల్లలు ఉంటే ఇంకో అరగంట.

ఏ వైపు నుంచి మొదలుపెట్టి ఎటు తిరగాలి?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే నడక రుచి అంతా ఇందులోనే ఉంది.

అర్జున తపస్సు దగ్గర మొదలుపెట్టండి. అది తూర్పుకు తిరిగి ఉంది కనుక పొద్దున్నే ఎండ నేరుగా దాని మీద పడుతుంది. ఏనుగుల తొండాల మడతలు కూడా ఆ వెలుగులో స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం చూస్తే అదే శిల్పం చప్పగా ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరంగా లోపలికి నడిస్తే గణేశ రథం వస్తుంది. ఒకే రాయిని పై నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి గుడిగా మలిచారు. ఇప్పుడు లోపల వినాయకుడు ఉన్నాడు గానీ, మొదట అది శివుడి కోసం చెక్కింది.

ఇంకొంచెం ఉత్తరాన కృష్ణుడి వెన్నముద్ద. దాదాపు ఇరవై అడుగుల ఎత్తు, 250 టన్నుల బరువు ఉంటుందని అంచనా వేసిన గుండు అది. జారుడు బండ మీద, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతుందన్నట్టు నిలబడి ఉంది. ఎవరూ తెచ్చి పెట్టింది కాదు. వేల ఏళ్ళ ఎండావానలకు చుట్టూ ఉన్న రాయి అరిగిపోయి, గట్టిగా ఉన్న ముద్ద మిగిలింది. 1908లో అప్పటి మద్రాసు గవర్నరు ఏడు ఏనుగులతో దీన్ని కదిలించబోయి విఫలమయ్యాడని స్థానికులు చెప్పుకుంటారు. 2019 అక్టోబరులో భారత ప్రధాని, చైనా అధ్యక్షుడు చేతులు పట్టుకుని ఫోటో దిగింది దీని ముందే. అందరూ దీన్ని చూసి వెనక్కి తిరుగుతారు. మీరు తిరగకండి. అసలు నడక ఇక్కడ మొదలవుతుంది.

ఉత్తరపు చివర త్రిమూర్తి గుహ చూసి, పడమటి వైపుకు మళ్ళి, దక్షిణంగా నడవండి. ఇక్కడ జనం పలచబడతారు. కొండ నీడ ఇంకా ఈ వైపు ఉంటుంది, అందుకే పొద్దున ఈ దిశలో తిరగమంటాను. వరాహ గుహ వస్తుంది. కూర్చున్న సింహాల మీద స్తంభాలు, లోపల భూదేవిని ఎత్తుకున్న వరాహమూర్తి, మరో గోడ మీద మూడడుగులు కొలుస్తున్న త్రివిక్రముడు, వెనుక గోడకు గజలక్ష్మి, దుర్గ. లోపలికి వెళ్ళగానే ఏమీ కనబడదు. రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడితే కళ్ళు అలవాటు పడి, బొమ్మలు ఒక్కొక్కటే చీకట్లోంచి బయటికి వస్తాయి.

అక్కడి నుంచి రాతిలో చెక్కిన మెట్లెక్కితే కొండ వెన్ను మీదికి చేరతారు. ఎడమ చేతి వైపు సముద్రం, కుడి చేతి వైపు కాలువ. ఇక్కడే రాయల గోపురం ఉంది. విజయనగర కాలంలో మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేసిన గోపురం. ఎత్తయిన ద్వారబంధాలు మాత్రం ఆకాశంలోకి తెరుచుకుని నిలబడి ఉన్నాయి. మా అమ్మ కూర్చున్న చోటు ఇదే.

ఆ పైన దారి దక్షిణంగా పోతుంది. రామానుజ మండపం గోడల మీద ఒకప్పటి శిల్పాలను ఎవరో ఉలితో చెక్కివేసిన మచ్చలు కనిపిస్తాయి. చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. చివరికి ఓడలకు దారి చూపే దీపస్తంభం (లైట్‌హౌస్), దాని పక్క బండలో మహిషాసురమర్దిని గుహ, ఆ బండ నెత్తి మీద ఓలక్కణ్ణేశ్వర ఆలయం. కొత్త దీపస్తంభం రాకముందు ఓడలకు దారి చూపడానికి ఆ గుడి మీదే దీపం పెట్టేవారు. అక్కడి నుంచి తూర్పుకు దిగి వీధిలోకి వచ్చి, కృష్ణ మండపం చూసుకుంటూ నడిస్తే మళ్ళీ అర్జున తపస్సు.

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ నడవగలరా?

నిదానంగా అయితే నడవగలరు. ఇబ్బంది పెట్టేది ఎత్తు కాదు, మెట్లు. రాతిలో చెక్కిన మెట్లు ఒకే కొలతలో ఉండవు, చాలా చోట్ల పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. చేతికర్ర తీసుకువెళ్ళండి, దిగేటప్పుడు ఒకరు ముందు నడవండి. మా అమ్మకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. ఆమె పూర్తిగా తిరిగింది, కానీ ఓలక్కణ్ణేశ్వర ఆలయం మెట్లు ఎక్కలేదు. అవి నిటారుగా ఉంటాయి. కింద మహిషాసురమర్దిని గుహలో చల్లగా కూర్చోవచ్చు, మిగతావాళ్ళు పైకి వెళ్ళి రావచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి మాత్రం ఈ దారి కుదరదు. అర్జున తపస్సు, కృష్ణ మండపం వీధి పక్కనే ఉన్నాయి కనుక అవి రెండూ హాయిగా చూడవచ్చు.

ఏ నెలల్లో వెళ్ళాలి?

సంక్రాంతి చుట్టుపక్కల. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుట గాలి చల్లగా ఉంటుంది, వాన పోయాక బండల మధ్య పచ్చిక ఇంకా ఎండదు. మార్చిలో కూడా వెళ్ళవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. తమిళులు కత్తిరి వెయ్యిల్ అని పిలిచే మే నెల ఎండలో ఆ రాయి పెనంలా కాలుతుంది, నీడనిచ్చే చెట్టు కొండ మీద తక్కువ. తప్పనిసరి అయితే ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా దిగిపోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. వాన లేని రోజు చూసుకుని వెళితే కొండ కడిగినట్టు ఉంటుంది. కానీ వాతావరణ సూచన చూడకుండా కదలకండి. 2022 డిసెంబరులో మాండూస్ తుఫాను సరిగ్గా మామల్లపురం (మహాబలిపురానికే మరో పేరు) దగ్గరే తీరం దాటింది.

చెన్నై నుంచి ఎలా వెళ్ళాలి?

నగరం నడిబొడ్డు నుంచి సుమారు 55 కిలోమీటర్లు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా. తిరువాన్మియూరు మీదుగా సిటీ బస్సులు మామల్లపురం వరకు నడుస్తాయి. తాంబరం వైపు ఉండేవాళ్ళకు అటు నుంచీ బస్సులు ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: పుదుచ్చేరి వెళ్ళే బస్సు ఎక్కితే అది ఊళ్ళోకి రాకుండా పూంజేరి కూడలి దగ్గర దింపవచ్చు. అక్కడి నుంచి ఆటో పట్టుకోవాలి. నెల్లూరు, సూళ్ళూరుపేట నుంచి వచ్చేవాళ్ళు ఒకే రోజులో రైలు, బస్సు, కొండ, మళ్ళీ రైలు అంటే అలసిపోతారు. ముందు రాత్రి చెన్నైలో బంధువుల ఇంట్లో పడుకుని, తెల్లవారుజామునే బయలుదేరండి.

టికెట్టు ఉందా?

ఉంది. పురావస్తు శాఖ కట్టడాలు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంటాయి. భారతీయులకు 40 రూపాయలు, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. సముద్రతీర ఆలయానికి, పంచ రథాలకు అదే రోజు అదే టికెట్టు పనిచేస్తుంది కనుక పారేయకండి. దీపస్తంభానికి వేళలు వేరు, రుసుము వేరు.

కాళ్ళకు ఏం వేసుకోవాలి? ఏం తీసుకువెళ్ళాలి?

రబ్బరు అడుగు ఉన్న బూట్లు. కొత్త చెప్పులు, తోలు చెప్పులు వద్దు. ఎన్నో ఏళ్ళుగా పాదాలు అరగదీసిన బండలు పొడిగా ఉన్నా నున్నగా జారుతాయి. మనిషికి ఒకటిన్నర లీటరు నీళ్ళు, టోపీ, ఒక తువ్వాలు. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2019 జనవరి 1 నుంచి నిషేధం ఉంది కనుక స్టీలు సీసా, గుడ్డ సంచి తెచ్చుకోండి. పులిహోర కట్టుకుని వెళ్ళే అలవాటు మా ఇంట్లో ఉంది. దాన్ని కొండ దిగాక తినండి. గుహల్లో మెతుకులు పడితే చీమలు, ఎలుకలు, వాటి వెనుక పాములు చేరతాయి.

పిల్లలు "ఎన్ని రాళ్ళు చూడాలి" అని విసుక్కుంటారు. ఏం చేయాలి?

రాళ్ళు చూపించకండి, వెతకమనండి. అర్జున తపస్సు శిల్పంలో ఒక పిల్లి రెండు కాళ్ళ మీద నిలబడి చేతులు పైకెత్తి తపస్సు చేస్తోంది, చుట్టూ ఎలుకలు ఉన్నాయి. మనం కొంగ జపం అంటాం, ఈ కొండను మలిచిన పల్లవ రాజుల కాలపు శిల్పి పిల్లి జపం చెక్కాడు. అది పెద్ద ఏనుగు దగ్గరే ఉందని చెప్పి వదిలేయండి, పదినిమిషాలు వాళ్ళ గొంతు వినబడదు. దగ్గర్లోనే రాతి కోతుల కుటుంబం ఉంది, ఒకటి మరొకదానికి పేలు చూస్తుంటుంది. కృష్ణ మండపంలో పాలు పితికించుకుంటూ దూడను నాకుతున్న ఆవును చూపించండి. పాకెట్టు పాలు తప్ప తెలియని మా అన్నయ్య కూతురు ఆ ఆవు ముందు చాలాసేపు నిలబడింది.

కొండ మీద మరొకటి వెతికించవచ్చు. బండల అంచుల్లో వరుసగా చిన్న చిన్న గుంతలు ఉంటాయి. రాయిని చీల్చడానికి ఉలితో ఆ గుంతలు తొలిచి, కర్ర మేకులు బిగించి, నీళ్ళు పోసేవారని చెబుతారు. తడిసిన కర్ర ఉబ్బి రాయి పగులుతుంది. కొన్ని చోట్ల గుంతలు ఉన్నాయి, చీలిక లేదు. పని సగంలో ఆగిపోయింది. ఈ కొండ నిండా సగంలో ఆగిన పనులే. అర్జున తపస్సుకే రెండో ప్రయత్నం ఒకటి దక్షిణాన పూర్తికాకుండా ఉంది. పూర్తయిన శిల్పం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆగిపోయిన చోట చూస్తే, మనిషి ఎలా పని చేశాడో తెలుస్తుంది. పిల్లలకు నేను రెండోదే ఎక్కువగా చూపిస్తాను.

అది అర్జునుడి తపస్సా, భగీరథుడి తపస్సా?

పండితుల్లో రెండు మాటలూ ఉన్నాయి. రెండు పెద్ద బండల మీద పరుచుకున్న ఆ శిల్పంలో, ఎముకలు తేలిన తపస్వి ఒంటికాలి మీద నిలబడి చేతులు పైకెత్తి ఉన్నాడు. పక్కనే శివుడు, చుట్టూ మరుగుజ్జు గణాలు. పాశుపతం కోరిన అర్జునుడని కొందరంటారు. గంగను కోరిన భగీరథుడని మరికొందరు. నా మనసు భగీరథుడి వైపే మొగ్గుతుంది. కారణం, రెండు బండల మధ్య ఉన్న నెర్రె. అందులో నాగులు చేతులు జోడించి పైకి ఈదుతున్నారు. పైన నీటి తొట్టి ఏర్పాటు చేసి ఆ నెర్రెలో నీళ్ళు వదిలేవారని భావిస్తారు. ఏనుగులు, దేవతలు, మునులు, జంతువులు అన్నీ ఆ నెర్రె వైపే తిరిగి ఉన్నాయి. నీరు దిగి వస్తుంటే లోకమంతా పరుగెత్తుకు వచ్చినట్టు ఉంటుంది. గట్టి పట్టుదలకు భగీరథ ప్రయత్నం అని పేరు పెట్టుకున్న మనకు ఆ దృశ్యం పరాయిది కాదు. వేసవిలో నీటి లారీ కోసం బిందెలు వరుసలో పెట్టిన చెన్నైవాళ్ళకు అసలే కాదు.

మహిషాసురమర్దిని గుహను అంతగా మెచ్చుకుంటారు, ఎందుకు?

ఒకే గుహలో ఎదురెదురు గోడల మీద రెండు లోకాలు ఉన్నాయి. ఒక వైపు సింహం మీద ఎనిమిది చేతుల దుర్గ విల్లు లాగుతోంది. మనిషి ఒడలు, దున్న తల ఉన్న మహిషుడు గద పట్టుకుని వెనక్కి ఒరుగుతున్నాడు. అతను ఇంకా పడలేదు, కానీ ఓడిపోయాడని ఆ ఒరుగులోనే తెలుస్తుంది. ఎదుటి గోడ మీద విష్ణువు శేషుడి మీద నిద్రపోతున్నాడు. కాళ్ళ దగ్గర మధుకైటభులు కుట్ర చేస్తున్నా ఆ నిద్ర చెదరదు. మధ్యలో నిలబడి అటూ ఇటూ తలతిప్పి చూడండి. ఈ నడకలో ఒక్క చోటే ఆగే సమయం ఉందంటే, ఇక్కడ ఆగమంటాను.

మన తెలుగు నేలతో ఈ కొండకు ఏదైనా సంబంధం ఉందా?

రాయల గోపురం సంగతి చెప్పాను. కృష్ణ మండపం ముందున్న స్తంభాల మండపం కూడా విజయనగర కాలంలో కట్టిందే. లోపలి గోవర్ధన శిల్పం మాత్రం పల్లవులది. ఈ కొండ మీద పనిలో ఎక్కువ భాగం 7వ శతాబ్దానిది. మామల్లుడని బిరుదున్న మొదటి నరసింహవర్మ పేరు మీదే ఊరికి మామల్లపురం అని పేరు వచ్చింది. పల్లవుల తొలినాటి శాసనాలు కొన్ని మన గుంటూరు ప్రాంతంలో దొరికాయి. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల సరిహద్దులో భైరవకోన గుహాలయాలు చూసినవాళ్ళు ఇక్కడి స్తంభాలను చూడగానే చుట్టరికం పట్టేస్తారు.

కొండకు పడమట కనిపించే బకింగ్‌హామ్ కాలువ కూడా మన కోస్తా మీదుగా వచ్చిందే. ఒకప్పుడు సరుకుల పడవలు దాని మీదే మద్రాసు చేరేవి.

తమిళం రాదు. దారి ఎలా అడగాలి?

తెలుగు కొంత, హిందీ కొంత అర్థమవుతాయి. అయినా నాలుగు మాటలు నేర్చుకుంటే ఎదుటివాళ్ళ ముఖం విప్పారుతుంది. దీపస్తంభాన్ని కలంగరై విళక్కం అంటారు. అర్జునన్ తపసు అంటే అందరికీ తెలుసు. వెన్నముద్దకు వెణ్ణెయ్ ఉరుండై. ఎక్కడ అనడానికి ఎంగే. కొబ్బరి బోండానికి ఇళనీర్. అమ్మే పెద్దాయనను అయ్యా అని, పెద్దావిడను అమ్మా అని పిలవండి, మన దగ్గర లాగే.

గైడును పెట్టుకోవాలంటే ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపించమని అడగండి. ముందే సొమ్ము మాట్లాడుకుని, గుహ దగ్గర తొందరపెట్టవద్దని చెప్పండి.

ప్రమాదాలు ఏమైనా ఉన్నాయా?

వాన పడ్డ బండ ఒక్కటే నిజమైన ప్రమాదం. చినుకు మొదలైతే నున్నటి వాలు మీద నుంచి వెంటనే పక్కకు రండి, గుహలో ఆగండి. ఉరుములు వినబడితే కొండ వెన్ను మీద నిలబడవద్దు. ఫోటో కోసం వెన్నముద్ద కింది వాలు మీద పిల్లలను జారనివ్వకండి. ముళ్ళ తుమ్మ పొదల్లోకి వెళ్ళకండి. ఎండకు తల తిరిగితే నీడలో కూర్చుని ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ తాగండి. నడక అయ్యాక సముద్రంలో ఈత కొడదామని ఎవరైనా అంటే గట్టిగా ఆపండి. ఇక్కడి అలలు లోపలికి లాగుతాయి.

శిల్పాల మీద ఎక్కవచ్చా? చాలామంది ఎక్కుతున్నారు కదా?

వద్దు. 1984 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న కట్టడాలు ఇవి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే చట్ట ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అటుంచండి. ఒక గుహ గోడ మీద తెలుగు అక్షరాల్లో రెండు పేర్లు, మధ్యలో హృదయం బొమ్మ గీసి ఉండటం చూశాను. మన లిపిని ఊరు కాని ఊళ్ళో చూసి సంతోషించాల్సిన నేను ఆ రోజు తల దించుకున్నాను.

ఇదే రోజు సముద్రతీర ఆలయం, పంచ రథాలు కూడా చూడవచ్చా?

చూడవచ్చు, కానీ నా సలహా ఒక్కటి ఎంచుకోమని. దీపస్తంభం దగ్గర దిగినవాళ్ళకు పంచ రథాలు దక్షిణంగా సుమారు ఒక కిలోమీటరు. పదింటికల్లా చూసేయవచ్చు. సముద్రతీర ఆలయాన్ని సాయంత్రానికి ఉంచుకోండి.

ఇలాంటి తేలికైన కొండ నడకలు ఇంకెక్కడ ఉన్నాయి?

చెన్నైలోనే సెయింట్ థామస్ మౌంట్ ఉంది. మెట్లెక్కితే విమానాశ్రయం, నగరం కనిపిస్తాయి. మహాబలిపురం నుంచి పడమటికి వెళితే తిరుక్కళుక్కుండ్రం, అక్కడి వేదగిరికి అయిదు వందల పైచిలుకు మెట్లు. అది భక్తితో ఎక్కే కొండ, ఎక్కడం నిజంగా కష్టమే. విశాఖ వెళ్ళినప్పుడు భీమిలి రోడ్డు మీద తొట్లకొండ తప్పక ఎక్కండి. బౌద్ధ భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. పైనుంచి సముద్రం మన కొండ మీద కంటే దగ్గరగా, నీలంగా ఉంటుంది. అదే దారిలో ఎర్రమట్టి దిబ్బలు కూడా ఉన్నాయి.

దిగాక ఏం తినాలి?

వీధిలోకి రాగానే కొబ్బరి బోండాం. వేసవి మొదట్లో అయితే ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన తాటి ముంజలు దొరుకుతాయి, నుంగు అని అడగండి. ఇడ్లీ, పొంగలి పెట్టే చిన్న హోటళ్ళు బస్‌స్టాండు చుట్టూ ఉన్నాయి. తింటుంటే ఎక్కడి నుంచో ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఊరి నిండా శిల్పుల పాకలు ఉన్నాయి, ఇక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. మా అమ్మ ఆ రోజు ఒక పాక ముందు ఆగి, అరచేతిలో ఇమిడే రాతి ఏనుగును కొనుక్కుంది. బేరం ఆడలేదు. ఇప్పుడు అది నెల్లూరులో మా ఇంటి తులసికోట పక్కన ఉంది.